విత్‌డ్రా రేకుల ఇల్లు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక చిన్న ప్రశ్న. "ఎందుకక్కా?" అని ఒకామెను అడిగాను. పట్టపగలు, మున్సిపల్ ఆఫీసు ఎదురుగా, జెరాక్సు షాపు మెట్ల మీద నిలబడి అడిగాను. జవాబు ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసే అడిగాను. అది జరిగి పదేళ్ళు దాటింది. ఈ పదేళ్ళలో చాలా మాటలు మరిచిపోయాను. మా ఆవిడ చివరి రోజున నాతో ఏమన్నదో కూడా సరిగ్గా గుర్తు లేదు. కానీ ఆ ప్రశ్న అడిగినప్పుడు నా గొంతు ఎంత అమాయకంగా పలికిందో మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు మొన్న రెండు వాక్యాలు చెప్పాను. అంతకు మించి నోరు పెగల్లేదు. మిగతాది మీకు రాస్తున్నాను. మా ఊరి పేరు రాయను. సత్తెనపల్లి నుంచి గంటన్నర బస్సు ప్రయాణమని, చుట్టూ పత్తి, మిరప చేలేనని అనుకోండి, చాలు. మనుషుల పేర్లు మార్చాను. ఎందుకు మార్చానో ముందుకు పోతే మీకే అర్థమవుతుంది. మా వీధిలో పేరంటే చిన్న సంగతి కాదు.

మా వీధిలో చాలామందికి రెండు పేర్లు. ఒకటి చర్చిలో, ఒకటి బడిలో. తాతల కాలంలోనే మావాళ్ళు క్రైస్తవంలోకి వచ్చారు. ఆదివారం ఆరాధనకు పోతాం, పిల్లలకు బాప్తిస్మం ఇప్పిస్తాం. కానీ చట్టం ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు. అది లేకపోతే మా పిల్లలకు సీటు దొరకడం కష్టం, ఉద్యోగం దొరకడం కష్టం. దేవుడు మారినంత మాత్రాన మమ్మల్ని చూసే చూపు మారలేదు కదా. అందుకని బడిలో ఇంకో పేరు రాయిస్తారు. ఇది ఊరందరికీ తెలుసు. ఆఫీసుల్లోనూ తెలుసు. కాయితం మీద మాత్రం ఎక్కడా లేదు, ఒక్క చోట తప్ప. చర్చి బీరువాలో ఉండే బాప్తిస్మాల రిజిస్టరులో ఉంది. ఆ రిజిస్టరు రాసేది నేను.

నా సర్టిఫికెట్ మీద ఒక పేరు, ఆ రిజిస్టరులో ఇంకొక పేరు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చేసేటప్పుడు అది మరిచిపోయానేమోనని మీరు నా మీద జాలిపడకూడదు. మరిచిపోలేదు.

నేను ఆ ప్రశ్న అడిగినామె దర్శి దగ్గర ఒక పల్లె నుంచి మా వీధికి కోడలిగా వచ్చింది. పుట్టింట్లో ఆమె పేరు కోటేశ్వరమ్మ. వాళ్ళకు చర్చి అలవాటు లేదు. పెళ్ళికి వారం ముందు బాప్తిస్మం ఇచ్చారు. అప్పటిదాకా రిజిస్టరు మా నాన్న రాసేవాడు. ఆయనకు చూపు మందగించింది. నాకు పదిహేడేళ్ళు, చేతిరాత బాగుండేది. నువ్వు రాయరా అని కలం నా చేతికిచ్చాడు. ఏం పేరు పెట్టుకుంటావమ్మా అని పాస్టరు గారు అడిగితే ఆమె తల వంచుకుని మీ ఇష్టమంది. ఆయన నా వైపు చూశారు. నేను సారమ్మ అన్నాను. అందులో భక్తి ఏమీ లేదు. గడి ఇరుకుగా ఉంది, చిన్న పేరైతే అందంగా ఇముడుతుందనుకున్నాను. ఇప్పుడు నేను మార్చి రాస్తున్న ఈ పేరులాగే ఆ రోజు రిజిస్టరులో నిజంగా రాసిన పేరు కూడా అంత చిన్నదే. నేను ఆ రిజిస్టరులో రాసిన మొదటి పేరు అది.

సారమ్మక్క భర్త, పిల్ల నడక నేర్చే వయసులోనే పోయాడు. ఆమె కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీసే పనిలో చేరింది. ముచ్చికలంటే తొడిమలు. ఒక్కొక్క కాయా చేత్తో పట్టుకుని తుంచాలి. సాయంత్రానికి వేళ్ళు మండుతాయి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదు, పిల్లను ఎత్తుకోకూడదు. కొన్నేళ్ళకు ఆమె ఆ ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రి అయింది. గట్టి గొంతు. యార్డుకు ఈ చివర కూర్చుని ఆ చివరవాళ్ళతో పరాచికాలాడేది. కూతురికి జ్యోతి అని పేరు పెట్టింది. రెండు పక్కలా చెల్లుద్ది, దాన్నన్నా ఒక పేరుతో బతకనీయండి అనేది.

నేను అదే కోల్డ్ స్టోరేజీలో గుమస్తాను. ఒకసారి తూకం రాయి జారి నా ఎడమ బొటనవేలు నలిగింది. గోరు నిలువునా రెండుగా చీలి, ఎప్పటికీ అలాగే ఉండిపోయింది. ఆ రోజు తన పాత చీర అంచు చింపి కట్టు కట్టింది ఆమే. రాసే చెయ్యి కాదులే, బతికిపోయావు అంది.

పదేళ్ళ పైచిలుకు కిందటి మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. చర్చిలో పెద్దలు కూర్చున్నారు. మా వీధికి కావలసింది ఒక్కటే. సమాధుల తోటకు దారి. మా కోల్డ్ స్టోరేజీ యజమాని పత్తి చేలో గట్టు మీదుగా పోవాలి అక్కడికి. ఎండాకాలం ఫరవాలేదు. వానలు పడితే నల్లరేగడి మోకాళ్ళదాకా దిగబడుతుంది. శవపెట్టె మోసేవాళ్ళు జారతారు. ఒకసారి పెట్టె కిందపడింది కూడా. ఎవరిదో రాయలేను, వాళ్ళ పిల్లలు ఇంకా వీధిలోనే ఉన్నారు. గట్టిగా అడిగే కౌన్సిలరు ఉంటే మున్సిపాలిటీ ఆ గట్టు వెంట రోడ్డు వేస్తుంది. అడగడానికి ఒక మనిషి కావాలి. సారమ్మక్క అయితే అడుగుతుందని అందరూ ఒప్పుకున్నారు.

ఒక పెద్దాయన, ఆమెకు చదువు తక్కువ, ఆఫీసుల చుట్టూ తిరగడానికి గుమస్తాను తోడు పంపుదాం, మాట సాయంగా ఉంటాడు అన్నాడు. ఆమె నవ్వింది.

"తమ్ముడు రాతకి పనికొస్తాడు గానీ మాటకి పనికిరాడు బాబాయ్. మాట నేను చూసుకుంటాలే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె పరాచికానికే అంది, అది నాకు తెలుసు. అందులో అబద్ధమూ లేదు. నలుగురిలో నోరు విప్పితే నాకు గొంతు పూడుకుపోతుంది. చర్చిలో సాక్ష్యాల సమయంలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. నేను పుట్టి పెరిగిన చర్చిలో ఒక్కసారీ లేవలేదు. మరి ఉన్న మాటే అంటే ఎందుకంత గుచ్చుకుంది? ఉన్న మాట కాబట్టేనా? ఇంటికి పోయి మా ఆవిడకు కూడా చెప్పలేదు. అన్నం తింటూ లోపల లోపలే ఆ నవ్వులు లెక్కపెట్టుకున్నాను, ఎవరు ఎంత గట్టిగా నవ్వారని.

నామినేషను ఫారం నేనే నింపాను. కోటేశ్వరమ్మ అని రాశాను. అదే చేతిరాత. పాతికేళ్ళకు కాస్త తక్కువ ముందు సారమ్మ అని రాసిన చెయ్యి.

నామినేషన్లు వేసిన రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం మా యజమాని నన్ను తన గదికి పిలిచారు. ఆయన తన ట్రాక్టరు డ్రైవరు భార్యను నిలబెట్టారు. తన చేలో రోడ్డు పడడం ఆయనకు ఇష్టం లేదు. ఇదంతా దాచిన సంగతేమీ కాదు. నేను ఆ గదిలోకి పదిహేనేళ్ళుగా పోతున్నాను. బల్లకు ఇవతల నిలబడి చెప్పవలసింది చెప్పి వచ్చేవాడిని. ఆ రోజు ఆయన మనిషిని కేకేసి కుర్చీ తెప్పించారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. "కూర్చోవయ్యా" అన్నారు. కూర్చున్నాను. టీ వచ్చింది. రోజూ మాకిచ్చే కాగితం కప్పు కాదు. వాళ్ళింట్లోవాళ్ళు తాగే కప్పు, కింద సాసరుతో. మా ఆవిడ షుగరు ఎలా ఉందని అడిగారు. ఆమెకు షుగరని ఆయనకు తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

టీ సగం తాగాక అన్నారు, మీ చర్చిలో పేర్లు రాసే పుస్తకం నీ దగ్గరే ఉంటదంటగా అని. ఆ పేజీ ఎట్టా ఉంటదో ఊరికే చూద్దామని, అన్నారు.

అంతే. బెదిరించలేదు. ఏమీ ఇస్తాననలేదు. ఉద్యోగం మాట ఎత్తలేదు. బెదిరించారని నాకు నేను చెప్పుకుని చాలాసార్లు చూశాను, అలా చెప్పుకుంటే ఒక పూట నిద్ర పడుతుందేమోనని. కానీ ఆయన నవ్వుతూనే ఉన్నారు. నేను ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని, టీ ఒలకకుండా సాసరు పట్టుకుని, ఆ మాట విన్నాను. విన్న క్షణంలోనే నాకు అంతా అర్థమైంది. అర్థం కానట్టు తల ఊపాను.

మర్నాడు భోజనాల వేళ చర్చి తాళం తీశాను. లోపల ఎవరూ లేరు. చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. బీరువా తీసి, పేజీ వెతికి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాను. కాయితం పాతది, ముడుచుకుపోతోంది. ఎడమ చేత్తో అదిమిపట్టి కుడి చేత్తో ఫోన్లో ఫోటో తీశాను. మొదటిది మసకగా వచ్చింది. మళ్ళీ తీశాను. నా తప్పులో నన్ను అన్నిటికన్నా పట్టి ఉంచేది ఆ రెండో ఫోటో. మొదటిసారి చెయ్యి వణికిందనుకోవచ్చు. చెయ్యి వణికినవాడు ఆగిపోవచ్చు కదా. నేను ఊపిరి బిగబట్టి, వణకకుండా తీశాను.

దాన్ని యజమాని ఫోనుకు పంపాను. ఆ తర్వాత జరిగింది మా ఆఫీసులో యజమాని మనుషులే నవ్వుకుంటూ చెప్పారు. ఇద్దరు యార్డులోకి పోయి, ఆమె అన్నం తింటుండగా ఫోను చూపించారట. నువ్వు క్రైస్తవురాలివని నీ చర్చి పుస్తకమే చెబుతోంది, కలెక్టరు దగ్గరికి పోతే నీ సర్టిఫికెట్ రద్దు, దాని వెనకాలే నీ కూతురి నర్సింగు సీటు రద్దు అన్నారట. ఇది ఒక్క పేజీనే, పుస్తకంలో ఇంకా చాలా పేజీలున్నాయి, మీ వీధి వీధంతా ఉంది అని కూడా అన్నారట. ఆమె ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టి, చాలాసేపు ఆ ఫోటో వైపు చూసిందట. తర్వాత ఒక్కటే అడిగిందట, విత్‌డ్రా చేసుకోవడానికి ఎన్ని గంటలదాకా టైముందని.

వాళ్ళు ఆ ఫోటో నాకూ చూపించారు. అప్పుడు గమనించాను. పేజీ కింది మూల నా బొటనవేలు పడింది. నిలువునా చీలిన గోరుతో.

ఆ మధ్యాహ్నం ఏదో పని కల్పించుకుని మున్సిపల్ ఆఫీసు దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె సంతకం పెట్టదని ఆశపడ్డానా? పెట్టిందని ఖాయం చేసుకోవాలనుకున్నానా? ఎదురుగా జెరాక్సు షాపు మెట్ల మీద నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చింది. నన్ను చూసి రోడ్డు దాటి వచ్చింది.

"ఇక్కడే ఉన్నావా తమ్ముడూ."

"పని మీద వచ్చానక్కా."

"తీసేసుకున్నానయ్యా. సంతకం పెట్టొచ్చా."

అప్పుడే నేను ఆ ప్రశ్న అడిగాను.

"ఎందుకక్కా?"

ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత రోడ్డు వైపు చూసింది.

"ఏం లేదులే. పిల్ల చదువుకుంటంది గదా. ఎందుకొచ్చిన గొడవ." చెంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు కూర్చోని అంత చక్కగా రాస్తివి. నీ రాత వేస్టు చేశా. ఏమనుకోమాక."

"దాందేముందక్కా."

"ఎండగా ఉంది, మొహం చూడు ఎట్టా పీక్కపోయిందో. రా, టీ తాగి పో."

పక్క బడ్డీలో రెండు టీలు చెప్పింది. కాగితం కప్పులు. ఇద్దరం రేకు నీడలో నిలబడి తాగాం. అంత మాటకారి ఒక్క మాట లేకుండా టీ తాగడం అదే మొదటిసారి చూశాను. కప్పు నలిపి పారేసి, వెళ్తా, అవతల కాయలు పోసున్నాయి అని యార్డుకు పోయింది.

ఫోటో ఇవ్వడం పాపం. దానికి ఎర్ర కుర్చీ ఒక కారణం, నలుగురి నవ్వు ఒక కారణం, చిన్నవో చితకవో ఏవో ఉన్నాయి. ఈ ప్రశ్నకు ఏ కారణమూ లేదు. ఎవరూ నన్ను అడగమనలేదు. నాకు ఏమీ తెలియదని ఆమె నమ్మాలి, అంతే. నేను పొడిచిన చోట చెయ్యి పెట్టి, ఇక్కడేనా అక్కా నొప్పి అని అడిగినట్టు అడిగాను.

చక్కగా రాశావు అంది. ఏ రాత గురించి అంది? ఫారం గురించా, రిజిస్టరు గురించా? ఆమె బైబిలు చదవగలదు. నా అక్షరాలు ఎరుగును. ఆ వేలికి కట్టు కట్టిన మనిషి ఆ గోరును గుర్తుపట్టకుండా ఉంటుందా? అయితే మరి టీ ఎందుకు ఇప్పించింది? ఈ ప్రశ్నలు ఎన్ని వందలసార్లు వేసుకున్నానో. ఆమె బతికుండగా వెళ్ళి అడిగేస్తే అయిపోయేది.

డ్రైవరు భార్య ఏకగ్రీవంగా గెలిచింది. బాణసంచా కాల్చారు. రోడ్డు పడలేదు. నేను మర్నాటి నుంచి యజమాని గదిలో మళ్ళీ నిలబడే మాట్లాడాను. కుర్చీ ఏమైందో తెలియదు.

వీధిలో మాత్రం అమ్ముడుపోయిందన్నారు. ఇంకేమంటారు? గెలిచే మనిషి, ఒక్క మాట చెప్పకుండా పోయి సంతకం పెట్టి వచ్చింది. అడిగినవాళ్ళకు ఆమె ఏదీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే రిజిస్టరు సంగతి చెప్పాలి. రిజిస్టరు సంగతి బయటపడితే వీధిలో ప్రతి ఇంటికీ భయమే. ఆమె అందరి కోసం నోరు మూసుకుంది. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

మరుసటి వేసవిలో ఆమె తన ఇంటి తాటాకు పీకించి సిమెంటు రేకులు వేయించింది. దాంతో ఉన్న అనుమానం కూడా పోయింది వీధికి. టీ బడ్డీ అతను వాటికి విత్‌డ్రా రేకులని పేరు పెట్టాడు. ఆ పేరు నిలిచిపోయింది. ఆమె చెవులకు ఎప్పుడూ ఉండే దిద్దులు ఆ వేసవి నుంచి కనిపించలేదు. వీధిలో అందరూ కప్పు వైపే చూశారు, చెవుల వైపు ఎవరూ చూడలేదు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

తర్వాత తర్వాత అది కోపంగా అనే మాట కూడా కాకుండా పోయింది. గుర్తు చెప్పే మాటైంది. విత్‌డ్రా రేకుల ఇంటి పక్క సందు, విత్‌డ్రా రేకుల ఇంటి ఎదురు పంపు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో కంపెనీ పేరనుకునేవాళ్ళు. ఒక రోజు గ్యాసు బండి అతను ఫోను చేసి మా ఇల్లెక్కడని అడిగాడు. విత్‌డ్రా రేకుల ఇల్లు దాటి మూడోది అని చెప్పాను. ఫోను పెట్టేశాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. ఆ రోజు అన్నం వండుకోలేదు.

అప్పటికి నేను ఒక్కడినే. మా ఆవిడ పోయింది. మాకు పిల్లలు లేరు. ఆమె పోయింది కార్తీక మాసంలో, తుఫాను వెలిసిన మూడో రోజు. వాన లేదు గానీ చేను చెరువులా ఉంది. పెట్టె మోయడానికి వచ్చినవాళ్ళు గట్టు దగ్గర ఆగి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దారి లేదు. ఎందుకు లేదో ఆ గుంపులో నాకొక్కడికే పూర్తిగా తెలుసు. ఇంకొకరికి కూడా తెలుసేమో.

సారమ్మక్క తన ముఠా ఆడవాళ్ళతో యార్డు నుంచి ఖాళీ మిర్చి గోతాలు మోయించుకుని వచ్చింది. చీర ఎగదోపి ముందు నడిచింది. బురద మీద గోతాలు పరుస్తూ, పెట్టె వాటిని దాటగానే వెనక ఉన్నవి పీకి మళ్ళీ ముందు పరుస్తూ, సమాధుల తోటదాకా అలాగే దారి వేసింది. విదిలించిన ప్రతి గోతంలో నుంచీ కారం లేచింది. మోసేవాళ్ళు, వెనక వచ్చేవాళ్ళు, పాస్టరు గారు, అందరూ దగ్గుతూ కళ్ళు తుడుచుకుంటూ నడిచారు. ఎవరు ఏడుస్తున్నారో ఎవరికి ఘాటు తగిలిందో తెలియలేదు. నాకూ తెలియలేదు. వెనక్కి వచ్చేటప్పుడు ఆమె దగ్గరికి పోయి నిలబడ్డాను. చెప్పేద్దామనే పోయాను. ఆమె కాళ్ళు కడుక్కుంటోంది. "ఇంటికి పో తమ్ముడూ, తడిగుడ్డల్లో నిలబడమాక" అంది. ఇంటికి వచ్చేశాను.

సారమ్మక్క ఈ మధ్యనే చనిపోయింది. ఎన్నో ఏళ్ళ కారం దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు. జ్యోతి ఇప్పుడు వేరే ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. ఆఖరి నెల సెలవు పెట్టి దగ్గరే ఉండి చూసుకుంది. సమాధి రిజిస్టరులో పేరు నేనే రాశాను.

మూడో రోజున జ్యోతి నన్ను ఇంటికి పిలిచింది. ఆ రేకుల కిందే కూర్చున్నాం. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అడిగింది. అప్పుడు ఫారం నింపింది నువ్వే కదా మామయ్యా, నీకు తెలిసే ఉంటుంది, అమ్మ నా చదువు కోసం డబ్బు తీసుకుందా అని. తీసుకుంటే తీసుకుంది, నాకేం కోపం లేదు, తెలుసుకోవాలని ఉంది అంది. పదేళ్ళుగా ఆ పిల్ల తన చదువే తల్లిని అమ్మిందనుకుంటోంది. లేదమ్మా, తీసుకోలేదు అన్నాను. మరెందుకు చేసింది అంది. నేను పైకి చూశాను. రేకుల్లో ఒకచోట చిన్న బీట ఉంది, అందులోనుంచి వెలుతురు పడుతోంది. లేచి వచ్చేశాను.

ఆ మర్నాడంతా కూర్చుని రెండు కాయితాలు రాశాను. మడిచి జేబులో పెట్టుకుని పోయాను. జ్యోతి తన తల్లి చీరలు మడత పెడుతోంది. కాయితాలు చాపాను. తీసుకోలేదు. చదివే ఓపిక లేదు, ఏంటో నువ్వే చెప్పు మామయ్యా అంది.

చెప్పాను. మొదట ఫోటో. తర్వాత కుర్చీ. ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడ ఆపానో క్రమం లేదు. జెరాక్సు షాపు దగ్గర అడిగిన ప్రశ్న కూడా చెప్పాను. అంతా విని, అమ్మకు తెలుసా అంది. తెలియదమ్మా నాకు, అన్నాను. ఫోటోలో నా వేలు పడిన సంగతి చెప్పాను. ఆమె నా ఎడమ చెయ్యి అందుకుని గోరు చూసింది, ఆస్పత్రిలో ఎవరి చెయ్యో చూసినట్టు. చూసి వదిలేసింది.

"నాకు చెబితే ఏం లాభం. వీధివాళ్ళు నవ్వింది నా ముందు కాదు, అమ్మ ముందు. వాళ్ళకు చెప్పు. కాయితం ఇయ్యమాక. నోటితో చెప్పు."

నీ ఉద్యోగానికి ఏమన్నా అవుతుందేమోనమ్మా అన్నాను. అది నా సంగతి అని మళ్ళీ చీర అందుకుంది.

ఆదివారం సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకావిడ కొడుకు పరీక్ష పాసైన సంగతి చెప్పి కూర్చుంది. ఇంకెవరైనా ఉన్నారా అన్నారు పాస్టరు గారు. లేచాను. నేను లేవడం చూసి కొందరు తలుపు దగ్గర ఏదో జరిగిందనుకుని వెనక్కి తిరిగి చూశారు.

సారమ్మక్క అమ్ముడుపోలేదు, అన్నాను. ఆమె పేరున్న పేజీ ఫోటో తీసి వాళ్ళకిచ్చింది నేను, దాన్ని చూపించి బెదిరిస్తే విత్‌డ్రా చేసుకుంది, అన్నాను.

ఎవరు సాక్ష్యం చెప్పినా చివర అందరూ స్తోత్రం అంటారు. ఒక ముసలామె అలవాటు కొద్దీ "స్తో" అని మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. నేను చాప మీద కూర్చున్నాను. జ్యోతి ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో ఉంది. నా వైపు చూడలేదు.

ఆరాధన అయ్యాక ఎవరూ సారమ్మక్క మాట ఎత్తలేదు. ఇంకెవరి పేజీ ఇచ్చావురా అని అడిగారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే అడిగారు. మా పిల్లాడిది ఇచ్చావా, మా కోడలిది ఇచ్చావా అని. ఇవ్వలేదన్నాను. నమ్మలేదు. ఎందుకు నమ్ముతారు? పెద్దాయన చెయ్యి చాపాడు. బీరువా తాళం మొలతాడు నుంచి విప్పి ఇచ్చాను. ముప్పై అయిదేళ్ళు ఆ తాళంచెవి ఉన్న చోట ఇప్పుడు ఒట్టి దారం ఉంది.

జ్యోతి సెలవు అయిపోయి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు చెప్పలేదు. ఇంటికి తాళం వేసి ఉంది. నన్ను క్షమించమని నేను ఆమెను అడగలేదు. అడగవలసినామె వేరు, ఆమె ఆ గట్టు అవతల ఉంది. ఇప్పటికీ అక్కడికి దారి లేదు.

మొన్న టీ బడ్డీ దగ్గర ఎవరో ఎలక్ట్రిక్ మీటరు చూసేవాడు వచ్చి విత్‌డ్రా రేకుల ఇల్లెక్కడని అడిగాడు. బడ్డీ అతను గ్లాసులు కడుగుతూ, సారమ్మ ఇల్లా, అదిగో అన్నాడు. ఆ రేకుల పేరు మొదట పెట్టింది వాడే. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను చూసే అన్నాడో, మామూలుగా అన్నాడో.

ఊళ్ళో నాకు మాత్రం ఇంకో పేరు పెట్టారు. పేజీగాడు. కుర్రాళ్ళు వెనక నుంచి అంటున్నారు, పెద్దవాళ్ళు మొహం మీదే అంటున్నారు. సర్టిఫికెట్ మీద ఒక పేరు, రిజిస్టరులో ఒక పేరు, ఇప్పుడు ఇది మూడోది. పిలిస్తే పలుకుతున్నాను.